మామ పాత కోటుతో కుట్టిన కుళ్ళాయి

ఈ మార్గశిరంలో హిందూపురం చలి ఎముకల్లోకి దూరుతోంది. మొన్న పొద్దున చూస్తే నా మనవరాలు ఫోనులో ఏదో చూసుకుంటూ, నా పాత స్వెటర్‌ను నిలువునా కోసి చేత్తో మఫ్లర్ కుడుతోంది. "అడగకుండా కోస్తివేమే?" అన్నాను. "నువ్వు యేసుకునేది లేదు కదవ్వా, ఊరికే పెట్లో పడుండాది" అంది. కోపం వచ్చిన మాట నిజమే గానీ, ఆ పాత ఉన్ని వాసనకు నా మనసు పెనుకొండలోని అత్తగారింటికి పోయింది.

ఇల్లనే మాటే గానీ అది అంగడికి వెనకభాగం. ముందర మామ బెల్లం, బియ్యం వ్యాపారం, వెనక మేము. పెరటి గోడకు తలుపు లేదు. వీధిలోకి పోవాలంటే అంగడి మధ్యనుంచే పోవాలి. అక్కడ మామ దారికడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉండేవాడు. గొళ్ళెం అక్కరలేదు, ఆ కాళ్ళు చాలు! మా అత్త తనంతట తాను గడప దాటి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. బావి లోపలే, రోలు లోపలే, ఎండ కూడా పెరట్లో చారెడు పడేది. చలికాలం వస్తే ఆ చారెడు ఎండలో ఇద్దరం పాత గుడ్డలు ముందరేసుకునేవాళ్ళం. పైన ఉన్ని గుడ్డ, లోపల చిరిగిన పట్టుచీర, రెంటి మధ్య ఉతికి ఉతికి మెత్తబడిన పంచె ముక్కలు. ఊరంతా తిరిగే మగవాళ్ళ చెవులకు చలి తగలకుండా, ఊరు చూడని మేము కుళ్ళాయిలు కుట్టిపెట్టేవాళ్ళం.

పెళ్ళయిన రెండో ఏడు కార్తీకంలో ధర్మవరం నుంచి ఉత్తరం వచ్చింది. నాయనకు దగ్గు పట్టుకుందనీ, మంచం దిగడం లేదనీ పక్కింటామె రాయించింది. అమ్మ ఎప్పుడో పోయింది, నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ధర్మవరమెంత దూరం? రైలెక్కితే గంట. కానీ మా వాళ్ళలో కోడలు తనంతట తాను పుట్టింటికి పోకూడదు, పుట్టింటివాళ్ళు వచ్చి పిలుచుకుని పోవాలి. "మనిషి రానీమ్మా, పంపిస్తాం. నేనేమన్నా వద్దంటాండానా?" అన్నాడు మామ. రావలసిన ఆ ఒక్క మనిషీ మంచంలో ఉంటే! ఇక మా ఆయనా? ఆయన ధైర్యమంతా బెల్లం దిమ్మెలు పగలగొట్టడంలోనే. నాకు ఏడుపు కంటే కడుపుమంట ఎక్కువైంది.

ఏం చేయను, మామ వదిలేసిన పాత ఉన్ని కోటు కోసి నాయనకు కుళ్ళాయి మొదలుపెట్టాను. కుట్టడం, వంక పెట్టుకుని విప్పడం. అదీ పూర్తయిపోతే నాయన కోసం చేయడానికి ఇంకేమీ మిగలదని భయం. కార్తీకం పోయింది, మార్గశిరం పోయింది. పుష్యంలో ఒకనాడు అత్త నా చేతిలోంచి సూది లాక్కుంది. "విప్పిందే విప్పుతాండావు. ఆ మనిషి ఉండంగానే పెట్టాల గదే? లెయ్, పోదాం పా."

"యాడికత్తా?"

"ధర్మవరానికి."

కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ఆమె అంగడిలోకి నడిచింది, నేను వెనకాల. మామ తలెత్తి "యాడికి?" అన్నాడు. "పిలుచుకోని పోయే మనిషి కావాలంటిరి గదా? నేను పిలుచుకోని పోతాండా" అంది. మామ కాళ్ళు ముడుచుకున్నాడు. అంతే! అయ్యో రామా, అంతేనా అనిపించింది నాకు.

నన్ను చూసి నాయన లేవబోయి, లేవలేకపోయాడు. కుళ్ళాయి తలకు పెట్టాను. అది కళ్ళు దాటి ముక్కుమీదికి జారింది. పెళ్ళినాడు చూసిన నాయనకు కుట్టుకొచ్చాను నేను. జుట్టు రాలి, మొహం చిక్కి మనిషి సగమయ్యాడు. "ఎవురికి కుట్టినావు పాపా ఇది?" అని కుళ్ళాయి కిందనుంచే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అత్త మంచం పక్కనే కూర్చుని, రెండు వేళ్ళ వెడల్పు లోపలికి మడిచి కుట్టింది.

నాయన శివరాత్రి దాకా ఉన్నాడు. గంట దూరానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ పెరట్లో కూర్చున్న నాకు కాలం కదలనట్టే ఉండేది. ధర్మవరంలో మాత్రం అది నాయనను రోజుకింత తీసుకుపోతూనే ఉంది.