మూడు గోలీల జేఏసీ

జీవితంలో మైకు నా చేతికి ఒక్కసారే వచ్చింది. ఆ ఒక్కసారీ ఏం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చెబుతాను, నవ్వితే మాత్రం ఊరుకోను.

తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో నడిరోడ్డు మీద వంటావార్పు. చైతన్యపురి కోచింగ్ విద్యార్థుల తరఫున ఐదు నిమిషాలు మాట్లాడే అవకాశం కోసం మూడు వారాలు అందరి కాళ్లావేళ్లా పడ్డాను. సరిగ్గా ఆ పొద్దున్నే ముక్కు కారడం మొదలైంది. జలుబు గోలీ మింగాను. జెండా కర్ర మోసి మెడ పట్టేసిందంటే, నా దోస్తు యాదగిరి వాళ్లమ్మ వాడే నరాల నొప్పి గోలీ తెచ్చాడు. అదీ మింగాను. అంతలో భయానికి కడుపు మెలిపెట్టింది. మా ఇంటి ఓనరు, గుంటూరు సుగుణ ఆంటీ, కడుపునొప్పి గోలీ తీశారు.

"పొద్దున్నించీ ఇంకేవన్నా మందులు వేసుకున్నావా నాయనా?"

"ఏం లేదాంటీ."

పాతికేళ్ల వీరుడికి ఒకే పూట మూడు జబ్బులంటే పరువేం కావాలి?

వేదికెక్కేసరికి నాలుక అంగిలికి అతుక్కుపోయింది. కాగితం మీద అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. "అన్నలారా" అనబోతే గాలి తప్ప మాట రాలేదు. పొయ్యి మీది పప్పు నయం, గుడగుడమని ఏదో ఒకటి మాట్లాడుతోంది.

యాదగిరి పరిగెత్తుకొచ్చి మైకు తీసుకుని, నీళ్లు తాగించాడు. "ఏమైందిరా?"

ఎట్టకేలకు గొంతు పెగిలింది. "ఆంధ్ర ఆంటీ గోలీ ఇచ్చిందిరా. నేను మాట్లాడొద్దనే ఇచ్చింది."

మైకు యాదగిరి చేతిలో ఆన్‌లోనే ఉంది. ఎదురుగా, మా వంటకని ఇంట్లోంచి పెద్ద గిన్నె తెచ్చి పప్పు కలుపుతున్న ఆంటీ గరిటె ఆపారు.

ఆమే నన్ను చెయ్యి పట్టుకుని దవాఖానకు నడిపించారు. అక్కడ డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే మూడు గోలీల సంగతీ కక్కాను.

"మూత్రం ఒస్తుందా?"

"పొద్దుగాల్నుంచి బందే మేడమ్."

"గా మూడు గోలీలు మూడు రోగాలకే. కానీ నోరు ఎండవెట్టుడు, కండ్లు మసకలు చేసుడు, మూత్రం ఆపుడు మూడింటికీ ఉన్న గుణమే. వేరే వేరే పార్టీలు జేఏసీ పెట్టినట్టు నీ కడుపుల కలిసినయి."

నాకు మండిపోయింది. నెలల తరబడి మా నాయకులకు కుదరని ఐక్యత ఈ గోలీలకు ఒక్క పూటలో ఎలా కుదిరిందండీ?

ఆంటీ తాపీగా అన్నారు. "నేనడిగినప్పుడు 'ఏం లేదాంటీ' అన్నావుగా. అప్పుడు నీ నోరు బానే పనిచేసింది."

ఆ దవాఖాన బల్ల మీదే ప్రతిజ్ఞ చేశాను: ఎవరు గోలీ ఇచ్చినా, అంతకుముందు మింగినవన్నీ పేరుపేరునా అప్పజెబుతాను. మైకు ఆపారో లేదో చూసుకున్నాకే ఎవరినైనా తిడతాను.