నాన్న చెప్పిన 'ఒకవేళ'

మా చిన్నప్పుడు... శివరాత్రికి మా కల్లం నిండా మిరపకాయలే. ఆ ఘాటుకి అటు పోతే తుమ్ములే తుమ్ములు. పండక్కి ఊరంతా కోటప్పకొండ తిరనాళ్ళకి కదిలినా ప్రతి కల్లం దగ్గరా ఇంటికి ఇద్దరు ఆగాల్సిందే... చినుకు పడితే పరదా పట్టా కప్పడానికి.

మా ఇంట్లో నాయనమ్మ ఎలాగూ ఆగేది. ఆవిడకి తోడు ఎప్పుడూ నేనే. పదేళ్ళు వచ్చినా కొండ కింద ఆకాశమంత ఎత్తున కట్టి నిలబెట్టే ప్రభలు ఎలా ఉంటాయో చూసి ఎరగను. ఆ ఏడు వారం ముందు నుంచే నాన్న వెంట పడ్డాను.

"ఒకవేళ మబ్బు పట్టకపోతే నిన్నూ ట్రాక్టర్ ఎక్కిస్తాలే" అన్నాడు.

"ఒకవేళ అంటే ఏంది నానా?"

"అవ్వొచ్చు, కాకపోవచ్చు. నా చేతుల్లో ఏముందమ్మా..."

నమ్మాను. రోజుకి పదిసార్లు ఆకాశం చూశాను. చిన్న మబ్బు తునక కనపడినా అది దాటిపోయేదాకా అక్కణ్ణించి కదిలేదాన్ని కాదు.

పండగ పొద్దున్న ఎండ ఫెళ్ళున కాసింది. పట్టు లంగా కట్టుకుని గడపలో నిలబడ్డాను. నాన్న పిలిచి, పట్టా మీద పెట్టే రాళ్ళు సరిపడా ఉన్నాయో లేదో చూసి రమ్మన్నాడు. ఊరి చివర కల్లానికి పరిగెత్తాను. చాలకపోతే నాలుగు ఏరి పెట్టి మరీ వచ్చాను.

వచ్చేసరికి వాకిట్లో ట్రాక్టర్ లేదు...

"ఏడవమాకే. మీ మేనత్త పిల్లలొచ్చారు గదా, నీ చోట్లో కూకున్నారు. ఈ మాట మొన్ననే అనుకున్నారు. చెప్తే చానా గోల చేస్తావని..." అంది నాయనమ్మ.

మొన్ననే! అంటే నేను ఆకాశం చూస్తుంటే, ఆయన నన్ను చూస్తూ ఊరుకున్నాడు. "నిన్ను తీసుకెళ్ళను" అంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. తేల్చేశాక కూడా ఆ 'ఒకవేళ'ని అలాగే ఉంచొచ్చా అండీ?

ఆ రోజంతా కల్లం గట్టున కూర్చుని వాన పడాలనే కోరుకున్నాను. కాయలన్నీ తడిసి ముద్దయిపోవాలని... ఒక్క చినుకూ పడలేదు. మర్నాడు నాన్న తిరనాళ్ళ గాజులు తెచ్చాడు. చెయ్యి చాపలేదు.

ఇప్పుడు వాన సంగతి ఫోనే చెప్పేస్తోంది. కల్లాల దగ్గర పిల్లల్ని కాపలా పెట్టేవాళ్ళూ లేరు. మా పాప ఎక్కడికైనా తీసుకెళ్ళమంటే, కుదరనప్పుడు కుదరదనే చెప్తాను. ఏడుస్తుంది. పక్కనే కూర్చుంటాను.

మీ ఇంట్లోనూ ఇలా ఊరించి వదిలేసిన పెద్దవాళ్ళుంటే రాయండి... నేను మాత్రం నాన్నని ఇప్పటిదాకా ఈ మాట అడగలేదు. నాకు గుర్తే లేదమ్మా అంటాడేమోనని భయం.