టకటకమ్మ ల్యాప్‌టాప్, వరండాలోని ప్లగ్గు

కార్యాలయ ముఖ్యాధికారి గారి సమక్షానికి సవినయంగా తెలియజేసుకునే విషయం. టకటకమ్మ అని అందరూ పిలిచే ఈమె వయస్సు యాభై నాలుగు సంవత్సరాలు. నేను ఈమెను ఇరవై ఆరు సంవత్సరాలుగా ఎరుగుదును. అందులో ఇరవై ఒక్క సంవత్సరాలు ఈ కార్యాలయంలోనే ఉత్తర్వులకు నకళ్లు వ్రాసే గుమాస్తాగా పనిచేశాను. తక్కిన అయిదూ విశ్రాంత జీవితం.

వరండాలో మెట్ల కింద, ఒక కాలికి అట్టముక్క ఆసరా పెట్టిన బల్ల మీద టైపు మిషను ఉంచుకొని అర్జీలు కొట్టి ఇవ్వడం ఈమె వృత్తి. భర్త పోయిన నెలలోనే ఆయన మిషను ముందు కూర్చున్నారు. ఆ చప్పుడుతోనే కొడుకును పెంచి పెద్ద చేశారు. పనితనానికి ఒక్క ఉదాహరణ చాలు. ఒకనాడు ఒక పింఛనుదారు కోపంతో ఊగిపోతూ, "వాడు ఉత్త గాడిద అని కొట్టమ్మా! కింద గీత కూడా గియ్యి!" అన్నాడు. ఈమె తల ఎత్తకుండానే, "సదరు వ్యక్తి ప్రవర్తన సంతృప్తికరంగా లేదు" అని కొట్టి చేతికిచ్చారు. ఆయన చదువుకొని, "ఇది ఇంకా ఘాటుగా ఉందే!" అని సంతోషంగా వెళ్లాడు.

ఈ నెల పద్దెనిమిదో తేదీన గోడ మీద ప్రకటన అతికించారు. వచ్చే నెల ఒకటి నుండి కంప్యూటరు ద్వారా అందిన అర్జీలు మాత్రమే స్వీకరిస్తారనీ, టైపు కాగితాలు తీసుకోరనీ దాని సారాంశం. అది చదివి ఈమె కొయ్యబారిపోయారు. మిషనులో సగం ఎక్కిన కాగితం సగంలోనే ఆగిపోయింది.

"అన్నయ్యగారూ, అంటే ఒకటో తారీఖు నుంచి నేనిక్కడ ఉత్తినే కూర్చోవాలా?"

నేను ఆ ప్రకటనను మొదటి నుండి మరోసారి చదివాను.

కళ్లద్దాల దుకాణంలో పనిచేసే కోడలు ధైర్యం చెప్పింది. "మీరు సినిమాలు చూడరు, ఆటలు ఆడరు. అర్జీలు కొట్టి పంపడమేగా అత్తయ్యా! దానికి కొత్తది, ఖరీదైనది ఎందుకు? బాగుచేసి అమ్మేది చాలు."

ఆదివారం మేము ముగ్గురం చెప్పుల దుకాణం పై అంతస్తులో, పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే కొట్టుకు వెళ్లాము. దుకాణదారు పలకలా పల్చగా ఉన్న దానిని అద్దాల బల్ల మీద పెట్టి, దాని మెమరీ ఎంతో, తెర ఎన్ని అంగుళాలో ఏకరువు పెట్టాడు. ఈమె అవేవీ వినలేదు.

"కొట్టి చూడొచ్చా?"

"మీదే అనుకోండమ్మా."

ఈమె కళ్లు మూసుకొని పది వేళ్లూ ఆడించి, చటుక్కున ఆగారు. "చప్పుడు లేదే! అక్షరాలు పడుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?"

"కళ్లు తెరిస్తే తెలుస్తుంది అత్తయ్యా."

మళ్లీ మొదలుపెట్టారు. టైపు మిషనులో వరుస ముగియగానే ఎడమ చేతితో పిడిని పట్టి కుడివైపుకు తోయవలసి ఉంటుంది. ఇన్నేళ్లూ అదే అలవాటు. వరుస చివర ఈమె ఎడమ చెయ్యి తనంతట తానే లేచి, తెర అంచు పట్టి ఒక్క తోపు తోసింది. ల్యాప్‌టాప్ జర్రున జారింది. దుకాణదారు రెండు చేతులా ఒడిసి పట్టుకున్నాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కొనకపోతే మానెయ్యండమ్మా, చంపకండి!"

దానిని భద్రంగా లోపల పెట్టి, మందంగా, నల్లగా ఉన్న మరొకటి తెచ్చాడు. దాని ధర తక్కువ. కోడలు అత్తగారి ఎడమ మోచెయ్యి పట్టుకొని నిలబడింది. మూడు వరుసలు క్షేమంగా గడిచాయి. అంతలో ఫోను మోగి కోడలు చెయ్యి వదిలింది. నాలుగో వరుస చివర ఆ ల్యాప్‌టాప్ బల్ల దాటి ధడేలున గచ్చు మీద పడింది.

ఈమె తెచ్చుకున్న పైకం ఒక్కదానికే సరిపోతుంది. పగిలినదానికి చెల్లిస్తే ఉత్త చేతులతో ఇంటికి వెళ్లాలి. వెనకనే ఒకటో తారీఖు.

దుకాణదారు దానిని మెల్లగా ఎత్తాడు. ఒక మూల చిట్లింది. తెర మాత్రం వెలుగుతూనే ఉంది. నాలుగు వరుసలూ చెక్కుచెదరలేదు.

"ఇంత గట్టిది నా కొట్టులో ఉందని నాకే తెలీదు!" అన్నాడతను నోరు తెరిచి.

"ఇదే ఇవ్వు నాయనా. నా చేతి దెబ్బ తిని కూడా నోరు మెదపలేదు."

"అచ్చం నాలాగే!" అన్నది కోడలు.

అప్పుడు నవ్వగలిగాము. డబ్బు తీసుకుంటూ దుకాణదారు ఒక మాట చెప్పాడు: "బ్యాటరీ ముసలిది. అరగంట మించి నిలవదు. వైరు గోడకు తగిలించి ఉంచండి, చాలు." ఆ మాట మా చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. వ్రాసే యంత్రానికి గోడతో పని ఉంటుందని మాకెన్నడూ తోచలేదు.

మరునాడు వరండాలో, కుళాయి నీళ్లు ఆగిపోయిన ఒక వృద్ధురాలి అర్జీ మధ్యలో తెర నల్లబడింది. ఈమె నిర్ఘాంతపోయారు. వైరు చేతబట్టి గోడ పొడవునా వెతికారు. ఎక్కడా ప్లగ్గు లేదు.

"అయిపోయిందామ్మా?" అని అడిగింది ఆ వృద్ధురాలు.

"ఇదే అయిపోయింది పెద్దమ్మా," అన్నారు ఈమె.

అప్పుడు నాకు స్ఫురించి ప్రకటనల బోర్డును పక్కకు జరిపాను. దాని వెనుక, ఈమె బల్లకు నాలుగడుగుల దూరంలో, చెక్క బిగించిన ప్లగ్గు ఉన్నది. ప్రస్తుత గుమాస్తాను అర్థించి పాత దస్త్రం తీయించాను. పదకొండేళ్ల కిందటి ఉత్తర్వు అందులో దొరికింది: "గోడలకు సున్నం వేసే పనుల నిమిత్తం, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు వరండాలోని ప్లగ్గును మూసి ఉంచవలెను." ఆ నకలులోని చేతివ్రాత నాదే. సున్నం పని తొమ్మిది రోజుల్లో ముగిసింది. తదుపరి ఉత్తర్వు మాత్రం దస్త్రంలో లేదు. నేను వ్రాసినట్లు జ్ఞాపకమూ లేదు.

ఒకటో తారీఖుకు నేటికి నాలుగు రోజుల వ్యవధి ఉన్నది. కావున తమరు దయతో పదకొండేళ్లుగా రావలసి ఉన్న ఆ ఉత్తర్వును వెంటనే జారీచేసి, సదరు ప్లగ్గును ఈమె వాడుకొనుటకు అనుమతి ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఆ చెక్కకు నాలుగు మేకులే ఉన్నాయి. వాటిని నేనే ఊడదీయగలను. ఉత్తర్వు లేకుండా తీయలేను.