నూట పన్నెండో తీగ

మా ఫిజిక్స్ సారు పోయారన్న కబురు పొద్దున ప్యాసింజరులో తిరువళ్లూరు నుంచి వచ్చింది. తెచ్చింది కాలేజీ ల్యాబు అటెండరు. తిరుత్తణి స్టేషన్‌లో దిగి, నేను పాఠం చెప్పే స్కూలుకు నడిచి వచ్చి, స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు. "సారు నిన్న సాయంత్రం పోయినారమ్మా. కుర్చీలో కూసోని పేపరు సదువుతా ఉన్నారు. తల పక్కకు వాల్చినారు. అవ్వళవుదాన్, అంతే" అన్నాడు. సెలవు చీటీ రాసిచ్చి అతనితోనే బయల్దేరాను.

తిరువళ్లూరు మణవాళనగర్‌లో ఆయన ఇంటి ముందు చేరినవాళ్లందరిదీ ఒకటే మాట. దేవుడులాంటి మనిషి, మన ఊరి పేరు విదేశాల దాకా తీసుకుపోయిన మనిషి అని. సంతాప సంచికకు నన్ను కూడా రెండు పేజీలు రాయమన్నారు. రాస్తున్నాను. ఆయన నాకు చదువు చెప్పి నన్ను మనిషిని చేశారు, అది నిజం. మా ఇంటికి ద్రోహం చేశారు, అదీ నిజమే. ఒకటి రాసి ఒకటి మింగితే నేను ఆయన శిష్యురాలినే కాను. "కొలవందే నమ్మొద్దు, కొలిచినాక దాయొద్దు" అని మాకు నేర్పింది ఆయనే మరి.

మాది తిరుత్తణిలో నేతవాళ్ల వీధి. అమ్మ నా చిన్నప్పుడే పోతే మేనత్త పెంచింది. అత్తకు అచ్చు అతకడంలో పేరు. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంటే, కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటే పాతవాటికి కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలితిప్పాలి. అత్త మెలి వేసిన చోటు తడిమినా తెలిసేది కాదు. ఆయమ్మ అతికితే దారానికే తెలీదని వీధిలో అనేవాళ్లు.

డెబ్బైల చివర్లో నేను తిరువళ్లూరు కాలేజీలో చేరాను. సారు ఆ ఊళ్లో బట్టల కొట్టువాళ్ల బిడ్డ. పైచదువుకు విదేశం వెళ్లి, అక్కడ ఉండమన్నా ఉండకుండా తిరిగొచ్చారు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్కలుండేవి, జేబు చుట్టూ తెల్లటి మరక. పాఠం తమిళంలో చెప్పేవారు, తిట్లు మాత్రం తెలుగులో. పెన్సిలు బ్లేడుతో చెక్కి, ఆ పొట్టు కింద పడనియ్యకుండా అగ్గిపెట్టెలో పోసేవారు. "రేణువుకు అబద్ధం రాదు అమ్మాయ్, ఆ విద్య మనకే వచ్చు" అని నవ్వేవారు. ఆ నవ్వు నాకెంతో ఇష్టంగా ఉండేది.

డిగ్రీ కాగానే నన్ను తన దగ్గరే సహాయకురాలిగా పెట్టుకున్నారు. అప్పుడే చాలా దేశాలు కలిసి ఒక పెద్ద యంత్రం కట్టే ఆలోచనలో ఉన్నాయి. కంటికి కనపడని రేణువులను భూమి కింద సొరంగంలో గుండ్రంగా పరిగెత్తించి, ఎదురెదురుగా ఢీకొట్టించే యంత్రం. అది లేవకముందే ప్రయోగం కాగితం మీద పుట్టాలి. ఏ దేశం ఏ ముక్క చేస్తుంది, ఎప్పటికి చేస్తుంది అన్నది ముందే తేలాలి. ఆ పంపకాల్లో మనకూ ఒక ముక్క కావాలని సారు పట్టుదల. క్యాలెండరు వెనక గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో దేశం పేరు రాసి ల్యాబు గోడకు అంటించారు. మన గడి చాన్నాళ్లు ఖాళీగా ఉంది.

ఆడికృత్తిక పండక్కి మా ఊరి గుడి కొండెక్కి దిగి, సారు మా ఇంటికి భోజనానికొచ్చారు. అత్త అచ్చు అతుకుతోంది. సారు విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కోవడం కూడా మరిచి, మగ్గం పక్కన చతికిలబడ్డారు. "నేను యాడ యాడో ఎతుకుతా ఉండానమ్మాయ్, ఆ చేతులు ఈడ ఉండాయి" అన్నారు. మర్నాడు గోడ మీది ఖాళీ గడిలో తెలుగులో 'తిరుత్తణి' అని రాశారు. అన్ని దేశాల పేర్ల మధ్య మా ఊరు.

చెయ్యాల్సింది చట్రాలు. చట్రం నిండా వెంట్రుక కంటే సన్నటి, బంగారు పూత తీగలు వరసగా, ఒకే బిగువున ఉండాలి. రేణువు ఏ తీగ దగ్గరగా పోతే ఆ తీగ కరెంటుతో కబురు చెబుతుంది. నమూనాకు ఒక చట్రం పంపితే, అది నచ్చితే, కొన్నేళ్లపాటు వందల చట్రాల పని మా వీధికే వస్తుంది. పవర్‌లూములొచ్చి మగ్గాలు ఒక్కొక్కటే మూలపడుతున్న రోజులు. పన్నెండు మంది ఆడవాళ్లు ఆ చట్రం మీద ఆశ పెట్టుకున్నారు.

అత్త రెండు నెలలు కూర్చుని తీగలు బిగించింది. తీగ తెగితే తీసేసి కొత్తది వెయ్యాలి, చెప్పు అత్తా అని నేను చెప్పే ఉన్నాను. నూట పన్నెండో తీగ తెగింది. అత్త చెప్పలేదు. అతికేసింది. నేతవాళ్లలో తెగిన దారం యజమాని కంటబడనివ్వడం కంటే తలవంపు లేదు. చట్రం ఓడెక్కింది. మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. కరెంటు ఎక్కువ పెడితే నూట పన్నెండో తీగ దగ్గర నిప్పురవ్వలు వస్తున్నాయి, అక్కడ ఏదో ముడి ఉంది అని.

అత్త వెంటనే ఒప్పుకుంది. "తెగింది, అతికినా. తెగిందని చెప్పుకునేదానికి నాకు నోరు రాలేదు సారూ" అంది. సారు ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నం జవాబు నా చేతనే టైపు చేయించారు. పనివాళ్లు నాకు తెలియకుండా అతికారు, వాళ్లను ఇకపై ఈ పనిలో పెట్టను, మా వంతుగా లెక్కలు కట్టి ఇస్తాను అని. తప్పు మాదే అనుకుని తలవంచుకుని టైపు చేశాను. గోడ మీది గడిలో 'తిరుత్తణి' రబ్బరుతో చెరిగిపోయింది. దాని మీద 'లెక్కలు' అని వచ్చింది.

వారం తర్వాత ల్యాబు నోటుబుక్కు సర్దుతున్నాను. చట్రం పెట్టెలో పెట్టకముందు సారు భూతద్దంతో ఒక్కో తీగ చూసి రాసుకున్న పేజీ కనపడింది. నూట పన్నెండు ఎదురుగా, ఆయన పెన్సిలుతోనే ఉంది. 'అతుకు. చుట్ట అయిపోయింది. పోనీ.' కొత్త తీగచుట్ట తెప్పించాలంటే దేశాల మధ్య పంపకాలు తేల్చే సమావేశం దాటిపోతుంది. అందుకని ఆయన తెలిసే పంపారు.

పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

"నా పేరు పోతే మన పక్కనించి ఆ బల్ల దగ్గర కూసునేవాడే ఉండడు అమ్మాయ్. ఆ ఉత్తరంలో మీ అత్త పేరు లేదు గదా. ఎవురికి నష్టం?"

"అత్తకు, సార్."

"ఆయమ్మకు నేనే చెప్తాలే. వచ్చే కృత్తికకు వస్తా గదా."

వచ్చారు. ఏటా వచ్చారు. సమావేశాలకు వెళ్లొచ్చారు, ప్రయోగం పుస్తకంలో ఆయన పేరు అచ్చయింది, మాకు చూపించారు. మా అరుగు మీద కూర్చుని కొండ మీది జనం గురించి, వాన గురించి మాట్లాడేవారు. అత్త చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయేది. ఆయన వీధి మలుపు తిరిగేదాకా మగ్గం వెనకనించి బయటికి వచ్చేది కాదు. ఆ చట్రం తర్వాత ఎవరు పిలిచినా అచ్చు అతకడానికి వెళ్లలేదు. "నా చెయ్యి మంచిది కాదు" అనేది. సారుకు అదంతా కనపడుతూనే ఉంది. లేచేటప్పుడు నా వైపు చూసి, "ఈసారి గాదులే, మళ్లొస్తా గదా" అనేవారు. నాకు ఒళ్లు మండేది. అయినా ఆయన సంతకంతోనే ఈ స్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఆయనే చెప్తారులే అని నేనూ ఊరుకున్నాను.

దహనం అయ్యాక సాయంత్రం బండికి ఇల్లు చేరాను. పెరట్లో అత్త నీళ్లు తోడి ఉంచింది. తలస్నానం చేసి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది.

"మహానుభావుడు. అంత పని చెడగొట్టినా ఒక్క మాట అనలేదు నన్ను."

ఇక ఆగలేకపోయాను. పెట్టె కట్టకముందే ఆయన చూశారని, తెలిసే పంపారని, నేరం మాత్రం మన మీద రాశారని అంతా చెప్పాను.

"అతుకు ఆయన కంటబడిందా?"

"భూతద్దం పెట్టి చూశారు అత్తా."

"అట్లా చెప్పు. వట్టి కంటికి కనపడి ఉండదు" అంది. బొటనవేలూ చూపుడువేలూ బూడిద అద్దుకున్నట్టు రాసుకుంది. ఆ ముఖంలో ఎన్నేళ్ల తర్వాతో ఒక చిన్న వెలుగు చూశాను. అంతలోనే అది పోయింది.

"నీకెప్పుడు తెలిసింది పాపా?"

"అప్పుడే."

"అప్పుడే అంటే? ఉత్తరం వచ్చినప్పుడా?"

"అదైన వారానికి."

అత్త లేచి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి, సారు కూర్చునే చోట కూర్చుని ఉన్న నా పక్కన పెట్టి, లోపల మగ్గం వెనక్కి వెళ్లిపోయింది.