ఎడారిలో నవనీత వాటా

కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు మాట్లాడుకోవడానికి ఫలానా విషయమే కావాలని లేదు. చేతులకు పని ఉంటుంది, నోటికి ఉండదు. కోడళ్ల సంగతులు, సీరియళ్ల సంగతులు, కార్ఖానావాడు బాగాలేవని పక్కన పడేసిన బీడీల సంగతులు, అన్నీ దొర్లుతాయి. భూమవ్వ ఇంటి అరుగు మీద నడిచే ముచ్చట మాత్రం వేరు. అక్కడ ముగ్గురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, చమురు తీసే ఒక కంపెనీ షేర్ల గురించి మాట్లాడుకునేవారు. విన్నవాళ్లు మూతి తిప్పుకుని నవ్వేవారు. నవ్వితే నవ్వారు, వీళ్లు పెట్టింది వీళ్ల చేతి కష్టమే కదా.

ఈ పిచ్చి ముందు పట్టింది మమతారాణికి. డిగ్రీ చదివి, పెళ్లయి ఆ వాడకు వచ్చి, అత్తను చూసి తానూ చాట పట్టిన పిల్ల. ఫోన్లో ఖాతా తెరవడం, కొనడం, అమ్మడం మిగతా ఇద్దరికీ ఆమే నేర్పింది. రాజస్థాన్ ఎడారిలో ఆ కంపెనీకి బావులున్నాయని, దాని అసలు విలువలో సగానికే షేరు దొరుకుతోందని ఆమె ఒకరోజు చెప్పింది. భూమవ్వ కత్తెర ఆపి ఆలోచనలో పడింది. భర్త పోయాక ఒక్కతే పొలం చేసిన మనిషి. ఏ మాటనైనా పొలంలోకి దింపుకుంటే గానీ ఆమెకు ఎక్కదు.

"అంటే బాయిల నీళ్లున్నయి. కరెంటు లేదని పొలం సస్తగ అమ్ముతున్నరు. గంతేనా?" అంది.

అంతేనని ఒప్పుకుంది మమతారాణి. ఆ మాట మీదే ముగ్గురూ కొన్నారు. మహిళా సంఘంలో తీర్మానం చేసి అలవాటైనవాళ్లు కాబట్టి ఇక్కడా ఒక తీర్మానం చేసుకున్నారు. షేరు రెండింతలయ్యేదాకా ఎవరూ అమ్మకూడదు, అమ్మిననాడు ముగ్గురూ కలిసే అమ్మాలి. భూమవ్వ తంబాకు అంటిన తన చేతిలో చెయ్యి వేయించుకుని ఒట్టు కూడా పెట్టించింది. షేర్లు కొనేవాళ్లెవరూ ఇలా ఒట్లు పెట్టుకోరని మమతారాణికి తెలుసు. అయినా పెద్దావిడ మాట కాదనలేక తానూ చెయ్యి వేసింది.

మూడో ఆమె, పక్కింటి నవనీత, కొన్నది మాత్రం ఆ లెక్కలు విని కాదు. ఆమె భర్త మల్లేష్ కువైట్లో, ఎడారి మధ్య నూనె బావులకు నీళ్ల ట్యాంకరు తోలుతాడు. పెళ్లయిన మూడో నెలలోనే విమానం ఎక్కాడు. రెండేళ్లకోసారి వచ్చి, ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుంటుందో తెలిసేలోపు మళ్లీ వెళ్లిపోయేవాడు. శుక్రవారం అతనికి సెలవు. ఆ రోజు ఫోన్ తిప్పి ఇసుకను చూపించేవాడు. దూరంగా తల ఊపుతూ నూనె తోడే యంత్రం కనపడేది. అతను మాట్లాడుతుంటే ఆమె అతని వెనకాల ఉన్న దాన్నే చూస్తూ ఉండిపోయేది.

అక్కడి భూమి కింది నూనె, రాజస్థాన్ భూమి కింది నూనె ఒకటేనా అని ఒక శుక్రవారం అడిగింది. ఉండొచ్చన్నాడు మల్లేష్ నిద్రమత్తులో. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్న మాట అది. నవనీత దాన్ని దాచుకుంది. ఇక మధ్యాహ్నాలు ఆకు మీద కొలత రేకు పెట్టి కత్తిరిస్తుంటే కళ్లు వాటంతటవే మూతపడేవి. భూమి కింద ఒక నల్లటి సముద్రం, ఏ చప్పుడూ లేకుండా, కువైట్ నుంచి రాజస్థాన్ దాకా, అక్కడి నుంచి ఈ అరుగు కిందికి వచ్చి ఆగినట్టుండేది. దాని పైన ఎక్కడో మల్లేష్ ట్యాంకరు తోలుతుండేవాడు. అందులో నాలుగు చుక్కలు తనవి. అతను తోలే దారిలో కాస్త తన వాటా కూడా ఉందనుకుంటే ఆమెకు ప్రాణం కుదుటపడేది.

షేరు రెండింతలైతే సామాన్లు మోసే ఆటో ఒకటి కొనొచ్చు. ఆటో ఉంటే మల్లేష్ వచ్చేయొచ్చు. భార్యాభర్తలు ఫోన్లో కుదుర్చుకున్న ఒప్పందం అది. అందుకే ఫోన్లో ఆకుపచ్చ గీత కొంచెం పైకి లేచినా నవనీత చేతిలో బీడీలు జోరుగా పడేవి. మమతారాణి చూసి ఆటపట్టించేది, ఇవాళ బావ ఒక అడుగు ముందుకేసిండని.

అలాంటి షేరు ఒక ఎండాకాలం పడిపోవడం మొదలుపెట్టింది. లోకమంతటా చమురు ధర పడిపోయిందట. మమతారాణి అన్నం సయించక పరేషాన్ అయిపోయింది. తన మాట విని వీళ్లు మునిగిపోయారని ఆమె బాధ. భూమవ్వ ఒక్కతే తొణకలేదు. నూనె ఎక్కడికీ పోలేదు, భూమిలోనే ఉంది కదా అని దారం చుడుతూ కూర్చుంది. నవనీతకు మాత్రం భర్త రోజురోజుకూ వెనక్కి నడిచి వెళ్లిపోతున్నట్టే ఉంది.

అప్పుడు శుక్రవారం కాని రోజున మల్లేష్ ఫోన్ వచ్చింది. ధర లేక అక్కడ బావులు మూస్తున్నారని, డ్రైవర్లను ఇళ్లకు పంపిస్తున్నారని, పది రోజుల్లో వచ్చేస్తున్నానని చెప్పాడు. ఏదో తప్పు చేసినవాడిలా గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె అయ్యో అంది, దిగులుగా ఊకొట్టింది. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. షేరు పెరిగితే వస్తాడని రెండేళ్లు దేవుళ్లకు మొక్కింది. అది పడిపోతే వస్తున్నాడు. ఈ విచిత్రం ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియలేదు. అరుగు మీద మిగతా ఇద్దరి ముఖాలు చూస్తే చెప్పడానికి సిగ్గేసింది కూడా.

మల్లేష్ వచ్చాడు. ఊళ్లో ఒకరి ట్రాక్టరు తోలుతున్నాడు. వచ్చేది తక్కువే. కానీ ఇంటి ముందు అతని చెప్పులున్నాయి. మధ్యాహ్నం అన్నం తిని అతను కాసేపు పడుకుంటే, సన్నటి గురక గోడ దాటి అరుగు దాకా వినిపించేది. ఆ చప్పుడు వింటూ నవనీత మెల్లగా చుట్టేది, పని తొందరగా అయిపోతే అది ఆగిపోతుందేమో అన్నట్టు. ఏ గిన్నె ఎక్కడుంటుందో ఇప్పుడు అతనికి తెలుసు. నల్లటి సముద్రం మాత్రం ఆమె కళ్లలోకి రావడం మానేసింది.

చలికాలం వచ్చేసరికి షేరు మళ్లీ లేవడం మొదలుపెట్టింది. పాత ధరకు చేరింది, దాటింది. మమతారాణి ముఖం విచ్చుకుంది, అందరికీ మిర్చీ బజ్జీలు తెప్పించింది. నవనీత తన మిర్చిని పక్కన పెట్టేసింది. గీత పైకి పోతే బావులు తెరుస్తారు, బావులు తెరిస్తే నీళ్లు కావాలి, నీళ్లు తోలడానికి డ్రైవరు కావాలి. ఒకప్పుడు కళ్లకద్దుకున్న ఆకుపచ్చ రంగును ఇప్పుడు చూడలేక ఫోన్ బోర్లా పెట్టేది.

ఒకరోజు కువైట్‌కు మనుషుల్ని పంపే ఏజెంటు మల్లేష్‌కు ఫోన్ చేశాడు. మల్లేష్ ఆమెతో ఏమీ అనలేదు. మరునాడు పొద్దున ఆమె బయటికి వచ్చేసరికి, నీలం రంగు సూట్‌కేసు మూత తెరిచి వాకిట్లో ఎండకు పెట్టి ఉంది. దాన్ని చూడగానే నవనీత చాట లేకుండా, వట్టి చేతులతో భూమవ్వ ఇంటి అరుగు ఎక్కింది.

"అత్తా, నా షేర్లు నేను అమ్ముకుంట. ఒట్టు తప్పుతున్న, ఏమనుకోకు," అంది.

ఇంకా రెండింతలు కాలేదక్కా, పెరిగే టైములో ఎవరన్నా అమ్ముతారా అని మమతారాణి నచ్చజెప్పబోయింది. భూమవ్వ చెయ్యెత్తి ఆపింది. గోడ పక్క నుంచి వాకిట్లోని సూట్‌కేసు ఆమెకు కూడా కనపడుతోంది.

"ఒట్టు పెట్టిచ్చింది నేనే, తీసేస్తున్నది నేనే. నాకు రావల్సినోళ్లు ఎవ్వరు లేరు, నాది ఉండనీ. నీది నువ్వు అమ్ముకో బిడ్డా," అంది.

మమతారాణి ఫోన్ అందుకుని, ఎక్కడ నొక్కాలో చూపించింది. నొక్కింది నవనీతే. ఎడారిలో తనకున్న ఆ నాలుగు చుక్కలూ క్షణంలో ఎవరివో అయిపోయాయి. అంత భయపడి అమ్మినా, అవి పోయినందుకు ఎందుకో దిగులేసింది.

సాయంత్రం మల్లేష్ ట్రాక్టరు దిగి వచ్చాడు. అతను కాళ్లు కడుక్కుంటుండగా చెప్పింది. కొత్త ఆటోకు చాలదు, పాతదానికి సరిపోతుంది.

అతను చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "గప్పుడే అమ్మినవా? ఇంక పెరుగుతదంటుండ్రు గద."

"పెరగనీ," అంది నవనీత. "నువ్వు పోకు."

అతను చెంబు కింద పెట్టాడు. వాకిట్లోకి వెళ్లి, సూట్‌కేసు మూత మూసి లోపలికి తెచ్చి, దీన్ని ఎక్కడ పెట్టాలని అడిగాడు. ఆమె అటక చూపించింది.