పెదవులతో మాట్లాడే షెడ్డు

కరోనాకు రెండేళ్ళ ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, సత్తెనపల్లి దారిలో ఉన్న ఒక నూలు మిల్లుకు నన్ను వెల్ఫేర్ ఆఫీసరుగా వేశారు. క్యాంటీను నుంచి ఆరోగ్య పరీక్షల దాకా కార్మికుల మంచిచెడ్డలు చూసే ఉద్యోగం. హోదాకు మేనేజరు తర్వాతి మెట్టు. నిజానికి కార్మికులకూ యాజమాన్యానికీ మధ్య నిలబడి ఇద్దరిచేతా తిట్లు తినే పని. నాకు మాత్రం ఇష్టంగానే ఉండేది.

దూదిని నూలుగా వడికే పొడవాటి యంత్రాలను రింగు ఫ్రేములంటారు. అవి తిరుగుతుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకని ఆ షెడ్డులో ఆడవాళ్ళు పెదవులతో మాట్లాడుకునేవాళ్ళు. గొంతు రాదు, పెదవులు మాత్రం కదులుతాయి, అవతలి మనిషి చూసి చదువుకుంటుంది. కూరలు, కోడళ్ళు, పత్తి ధర, సూపర్‌వైజరు మీసం, అన్నీ అలాగే నడిచేవి. నేను చేరిన కొత్తల్లో నా చీర మీద కూడా ఏదో మాట నడిచింది. అందరూ నవ్వారు, నాకే అర్థం కాలేదు. ఆ ఉడుకుమోత్తనంతోనే పట్టుబట్టి ఆ పెదవుల మాట నేర్చుకున్నాను.

అందరిలోకీ మాటకారి మస్తాన్‌బీ. తెగిన నూలు అతికించడంలోనూ ఆమె తర్వాతే ఎవరైనా. ఆమెకు ఎదురు ఫ్రేము కోటేశ్వరమ్మది. ఇద్దరివీ ఊళ్ళు వేరు, బస్సులు వేరు, స్నేహమంతా షెడ్డులోనే. మస్తాన్‌బీకి భర్త పోయాడు, పిల్లల్లేరు. ఇంటికెళ్తే పలకరించే నాథుడు లేడు.

ఆ ఏడాది గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం చూసే పరీక్ష జరిగింది. దూది నలుసు లోపలికి పోయి చాలామందికి ఊపిరి తగ్గిందని తేలింది. మస్తాన్‌బీ ఛాతీ మరీ పాడైంది. మాస్కు తప్పనిసరి చేశాం. ఆ నిర్ణయం సరైనదే, ఇవాళ అడిగినా అదే చెబుతాను. దగ్గులు తగ్గాయి. మేనేజరు గారు మురిసిపోయి, షెడ్డులో ఎంత క్రమశిక్షణ వచ్చిందో చూడమన్నారు. నాకు ఒళ్ళు మండింది. మూతులు కట్టేశాక మాట ఎక్కణ్ణుంచి వస్తుంది?

మస్తాన్‌బీ క్యాంటీనులో అన్నం సగం వదిలేయసాగింది. కోటేశ్వరమ్మ వైపు చూడటం కూడా మానేసింది. ఒకరోజు నా గదికి వచ్చి పని మానేస్తానంది.

"మిర్చి యార్డుకి పోతానండీ, ముచ్చికలు తీసుకుంటా. ఘాటుకి కళ్ళంట నీళ్ళొస్తే వచ్చాయిలెండి, పక్కనోళ్ళతో నోరారా మాట్టాడుకోవచ్చు. ఇక్కడ పొద్దస్తమానం నోట్లో మాట నోట్లోనే ఉండిపోతుందండీ."

మిరపకాయలకు ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే చోట గాలంతా కారమే. ఆ ఛాతీతో అక్కడ కూర్చుంటే ఆమె ఎన్నాళ్ళో బతకదు. నాకు భయం వేసింది. వారం రోజులు ఆగమని బతిమాలాను.

నడుస్తున్న ఫ్రేమును వదిలి వెళ్ళకూడదు. టీకి వెళ్ళాలన్నా, అన్నానికి వెళ్ళాలన్నా ఆ చోటులో రిలీవరు నిలబడాలి. రిలీవరు ఒక్కతే కాబట్టి ఒకరు వచ్చాకే మరొకరు వెళ్ళేవాళ్ళు. ఎదురెదురు ఫ్రేములవాళ్ళు జంటగా వెళ్ళేలా ఇంకో రిలీవరును ఇమ్మని, నూలు చుట్టే ఖాళీ బాబిన్లు పడేసే గదిని కూడా ఇమ్మని మేనేజరు గారిని అడిగాను. మాటలకు కూడా రిలీవరా అని ఆయన నవ్వారు. మస్తాన్‌బీ లాంటి చేయి మళ్ళీ దొరకదని ఆయనకూ తెలుసు. గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

గది కడిగించి, హోరు లోపలికి రాకుండా తలుపుకు గోనెపట్టాలు కొట్టించాం. మొదటిరోజు ఇద్దరూ వెళ్ళి కూర్చుని మాస్కులు తీశారు. అంత నిశ్శబ్దంలోనూ అలవాటు కొద్దీ పెదవులే కదుపుతున్నారు! గుమ్మంలో ఉన్న నాకు నవ్వాగలేదు. ముందు కోటేశ్వరమ్మకు తెలిసొచ్చింది.

"ఏమేవ్, ఇక్కడ వినపడుద్దే! నోరు తెరిచి మాట్టాడు!" అని అరిచింది.

మస్తాన్‌బీ పగలబడి నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. ఆమె యార్డుకు వెళ్ళలేదు.

రిటైరయ్యాక బ్రాడీపేటలో ఉంటున్నాను. ఆ షెడ్డు మీదికి మనసు పోతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు గట్టిగా మాట్లాడుతున్నా నా కళ్ళు వాళ్ళ పెదవుల మీదే ఉంటాయి. అక్కడ ఒక్క మాట లేకుండా ఎంత సందడి! మొన్న సాయంత్రం ఆటోల హోరులో రోడ్డుకు అవతల మస్తాన్‌బీ కనపడింది. నన్ను చూసి పెదవులు కదిపింది, అన్నం తిన్నారా మేడం అని. తిన్నానని నేనూ పెదవులతోనే చెప్పాను. నేను రోడ్డు దాటేలోగా ఆమె ఆటో ఎక్కేసింది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ఏదైనా చెప్పమంటారు. మాస్కు పెట్టించాల్సిందే, అందులో మొహమాటం వద్దంటాను. పెట్టించే ముందు, ఆ మనిషి రోజంతా ఎవరితో మాట్లాడుతుందో కనుక్కోండి. ఆ ఇద్దరికీ ఒక గది చూపించండి.