ఆగడం రాని డ్రమ్ములు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా నా ముందు మాటెత్తితే, వాళ్ళ చేతిలోని టీ చల్లారేదాకా వాదించే మనిషిని నేను. మ్యాథ్స్‌తో డిగ్రీ చదివాను. కాజీపేటలో మా వీధి చివరి ఇంట్లో గజ్జెల చప్పుడు వస్తుందని ఎవరూ అద్దెకు దిగకపోతే, మేడెక్కి చూసి, అది గాలికి గోడను కొడుతున్న డిష్ వైరని తేల్చి వచ్చింది నేనే. అందుకే ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. నలుగురూ నవ్వుతారని కాదు. నవ్వినా బాగుండు.

మా ఆడబిడ్డ సరోజన వదిన భర్త దేవదానం అన్న. రైల్వేలో గార్డుగా చేశాడు. మా చర్చి సంఘంలో డ్రమ్ములు ఆయనవే. గొప్పలు చెప్పుకోవడంలో ఆయనను మించినవాళ్ళు లేరు. తాను స్టిక్కులు పట్టుకోకపోతే ఆరాధన పక్కనున్న స్టేషన్ ఘన్‌పూర్ కూడా దాటదని అందరి ముందూ అనేవాడు.

ఆయనకూ నాకూ ఏళ్ళ తరబడి ఒకటే తగువు. చరణం అయిపోయి పల్లవికి తిరిగొచ్చే చోట ఆయన ఆగేవాడు. ఎక్కువ కాదు, ఒక ఊపిరి తీసుకునేంత. ముందు నిలబడి మైకులో పాడేది నేను. నేను పల్లవి ఎత్తుకునేసరికి డ్రమ్ము ఇంకా వెనకే ఉండేది. ప్రార్థన అయ్యాక చెప్పుల దగ్గరే పట్టుకుని దులిపేదాన్ని. నాలుగు దెబ్బలంటే నాలుగే, నాలుగుంపావు ఉండదని.

ఆయన స్టిక్కుతో వెనకకు చూపించేవాడు.

"ఆ చాప మీద ముసలోళ్ళు ఇంక చరణంలనే ఉన్నరు చెల్లె. అందరు ఎక్కకముందే గార్డు జెండా ఊపుతడా?"

"నీ బండి లేటయితె నీ ఇష్టం. నా పాట లేట్ చెయ్యకు."

"నీది పాట గాదు చెల్లె, ఎక్స్‌ప్రెస్. చిన్న స్టేషన్ల ఆగది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన గెలిచినట్టు వెళ్ళిపోయేవాడు.

పోయినేడు ఆయనకు గుండెపోటు వచ్చింది. దవాఖానకు చేరేలోపే పోయాడు. డ్రమ్ముల మీద దుప్పటి కప్పారు. వాటిని వాయించేవాళ్ళు మళ్ళీ దొరకలేదు.

ఆయన పోయి ఏడాదైన రోజు పెట్టే జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడ్డప్పుడు వదిన మా ఇంటికి వచ్చింది. నేను రాసిన పాట ఒకటుంది, అన్నకు అదంటే ఇష్టం. ఆ రోజు సంఘమంతా అదే పాడాలని ఆమె కోరిక. మా పడకగదిలో లాప్‌టాప్, మైకు పెట్టుకుని, బయటి చప్పుడు రాకుండా కిటికీకి పరుపు ఆనించి నేను పాటలు రికార్డు చేస్తుంటాను. ట్రాక్ చేస్తే, స్పీకర్లలో వేసి అందరం దానితో కలిసి పాడొచ్చు.

వదిన తన ఫోన్ తీసింది. ఇంట్లో ప్రాక్టీసు చేస్తుండగా అన్న వాయించింది అందులో ఉంది. పాట కింద అది పెట్టమంది.

విన్నాను. ఫ్యాను హోరు, కుక్కరు విజిలు, మధ్యలో ఎవరో పాలవాడితో మాట్లాడుతున్నారు. వాటన్నిటి వెనక అన్న. పల్లవి దగ్గర మళ్ళీ అదే ఆగడం. పనికిరాదని చెప్పేశాను.

అప్పుడు మా సంఘంలో కీబోర్డు వాయించే రూతు కూడా అక్కడే ఉంది. బ్యాంకులో పని చేస్తుంది, ఈ సాఫ్ట్‌వేర్ల సంగతి బాగా తెలుసు. అంతకుముందే నా లాప్‌టాప్‌లో రెండు రకాల డ్రమ్ముల సాఫ్ట్‌వేర్లు ట్రయల్‌కు వేసి పెట్టింది.

ఒకటి సింపుల్. తయారుగా ఉన్న బీట్లలో ఒకటి ఎంచుకుని వేగం చెబితే చాలు, పాట అయ్యేదాకా అదే వేగంతో కొడుతూ పోతుంది. తగ్గదు, పెరగదు, ఆగదు. రెండోది అడ్వాన్స్‌డ్. అందులో ఒక్కో డ్రమ్ము విడిగా ఉంటుంది. ప్రతి దెబ్బనూ పట్టుకుని ముందుకో వెనకకో జరపవచ్చు. గట్టిగా కొట్టాలా, మెల్లగానా, మైకు ఎంత దూరంలో పెట్టాలి, మనిషి చేతికుండే తడబాటు ఎంత కలపాలి, అన్నీ మన చేతిలోనే.

అడ్వాన్స్‌డ్‌దే తీసుకుందామని రూతు పట్టుబట్టింది. ఫోన్‌లో ఉన్నది పక్కన పెట్టుకుని, అన్న ఎక్కడ ఎంత ఆగాడో చూసి, దెబ్బల్ని అలాగే జరిపితే అచ్చం ఆయన వాయించినట్టే ఉంటుందంది. పని తానే చేస్తానంది. వదిన మొహం వెలిగింది. అది నేను చూశాను. చూడలేదని ఇప్పుడు బుకాయించను.

కానీ వాదన మొదలైతే నాకు ఎదుటివాళ్ళ మొహాలు గుర్తుండవు. ఇంట్లో రికార్డు చేసుకునే పాటకు అన్ని మీటలెందుకన్నాను. అన్నం వండమంటే వరి నాటడం నేర్చుకున్నట్టుంటుందన్నాను. రూతు ఒక మాటంటే నేను నాలుగన్నాను. చివరికి ఇదీ అన్నాను:

"పోయినాయన చేసిన తప్పులు మళ్ళ మెషిన్‌కు నేర్పుడెందుకే?"

వదిన మంచం అంచున కూర్చుని ఉంది. ఫోన్ బ్యాగులో పెట్టుకుంది.

"గట్లనే కానియ్యి సునీతా. ఆడ ఆగుతె ఒక్కసారి విందామనుకున్న. అంతే."

ఆమె వెనకే రూతు కూడా లేచి వెళ్ళిపోయింది. నేను సింపుల్ సాఫ్ట్‌వేర్‌తోనే ట్రాక్ చేశాను. డ్రమ్ములు, వాటి మీద రూతు అంతకుముందే వాయించి ఇచ్చిన కీబోర్డు, అన్నీ కలిపి ఒకటే ఫైలు. పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఇంట్లో మా ఆయన ముందు పెట్టి, దానితో కలిసి మొదటి నుంచి చివరిదాకా పాడి చూసుకున్నాను. ఎక్కడా ఆగలేదు. ఇన్నేళ్ళ తగువులో గెలిచానని సంతోషపడ్డాను కూడా. చనిపోయిన మనిషి మీద గెలవడం.

కూడిక ఆదివారం పగలే, ఆరాధన అయ్యాక పెట్టారు. పెన్‌డ్రైవ్ నా చేత్తోనే పెట్టాను. నేనూ రూతూ ముందు నిలబడ్డాం. కీబోర్డు ట్రాక్‌లోనే ఉంది కాబట్టి రూతు కూడా పాడటానికే నిలబడింది. పక్కన అన్న డ్రమ్ములు, దుప్పటి కప్పినవి కప్పినట్టే.

మొదటి చరణం అయింది. నేను పల్లవి ఎత్తుకున్నాను.

నా గొంతు ఒక్కటే వినబడింది.

డ్రమ్ము లేదు. కీబోర్డు మాత్రం సాగుతోంది. వెనక చాప మీద ముసలమ్మలు చరణం చివరి మాట సాగదీసి ముగించారు. అందరూ ఊపిరి తీసుకున్నారు, ఆ చప్పుడు నాకు వినబడింది. అప్పుడు డ్రమ్ము పడింది. సంఘమంతా దానితో కలిసి పల్లవిలోకి వచ్చింది. నేనొక్కదాన్నే అప్పటికి రెండు మాటలు ముందున్నాను.

పెన్‌డ్రైవ్ ఏదో ఇరుక్కుందనుకున్నాను. రెండో చరణం తర్వాత కూడా, ఆ ట్రాక్ నేను చేసిందే, నాకు తెలియనిదేముందని, మళ్ళీ ముందే ఎత్తుకున్నాను. మళ్ళీ నా గొంతొక్కటే. ముందు వరుసలో ఎవరో పిల్ల కిసుక్కుమంది. మొహం మండిపోయింది.

మూడోసారి మైకు దించేసి నోరు మూసుకున్నాను. డ్రమ్ము ఆగింది. ఊపిరి తీసుకునేంత. మళ్ళీ పడింది.

పాట అయ్యాక వదిన వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది.

"వద్దన్నవు గని నా కోసం పెట్టినవు. నీ అసుంటిది లేదు సునీతా."

అప్పుడు నోరు తెరిచి, నేను పెట్టలేదు వదినా అనాలి. ఎవరితోనైనా ఎంతసేపైనా వాదించగలిగే నోరు ఆ ఒక్క మాటకు పెగలలేదు. తల ఊపాను. పక్కనే ఉన్న రూతు కూడా నేను దొంగచాటుగా అడ్వాన్స్‌డ్‌ది వాడాననుకుంది. మంచి పని చేశావక్కా అని చెయ్యి నొక్కింది. దానికీ తల ఊపాను.

ఇంటికొచ్చి చీర కూడా మార్చకుండా అదే పెన్‌డ్రైవ్ లాప్‌టాప్‌కు పెట్టాను. అదే ఫైలు. డ్రమ్ము ఎక్కడా ఆగలేదు. చరణం, నాలుగు దెబ్బలు, పల్లవి. స్పీకరు వైరు లూజై ఉంటుందని మా ఆయన అన్నాడు. వైరు లూజైతే కీబోర్డు కూడా ఆగాలి కదా. పైగా డ్రమ్ము ఆలస్యంగా వచ్చినా కీబోర్డు దానితో సరిగ్గా కలిసే ఉంది. ఒకటే ఫైల్లో కలిసిపోయిన రెండింటిలో ఒకటి ఆగి, రెండోది దాని కోసం సాగి, మళ్ళీ రెండూ కలవడం ఎలాగో నా లెక్కలకు అందలేదు. పోనీ అడ్వాన్స్‌డ్ సాఫ్ట్‌వేర్ అయి ఉంటే, తడబాటు మీట ఏదో కదిలిందని సరిపెట్టుకునేదాన్ని. ఆ సాకు లేకుండా ఏరి కోరి సింపుల్‌ది ఎంచుకున్నది నేనే.

కూడికలో ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. ఆశగా తెప్పించుకుని చూశాను. అందరి గొంతులూ కలిసిన గోలలో డ్రమ్ము సరిగ్గా వినబడదు. నేను రెండుసార్లు ముందు పడటం మాత్రం శుభ్రంగా వినబడుతుంది.

తర్వాత వదిన ఆ పాట తన ఫోన్‌కు పంపమంది. పంపడానికి నా దగ్గర ఉన్నది ఆగని పాటే. రూతు లాప్‌టాప్‌లో వేసి పెట్టిన అడ్వాన్స్‌డ్‌ది తెరిచాను. దెబ్బల్ని జరిపాను. ఎంత జరిపినా ఒకసారి ఎక్కువ ఆగినట్టు, ఒకసారి తక్కువ ఆగినట్టు. అన్న ఎంత ఆగేవాడో, అన్నేళ్ళు తిట్టిన నాకు తెలియదు. ఫోన్‌లో ఉన్నది ఒకసారి ఇమ్మని వదినను అడగడానికి మొహం లేదు. అడిగితే కూడికలో ఎలా పెట్టావంటుంది. చివరికి ఆగని పాటే పంపించి, ఆమె ఫోన్ చేసి నిలదీస్తుందని ఎదురుచూశాను.

ఫోన్ వచ్చింది. రోజూ పొద్దున పని చేసుకుంటూ వింటోందట.

"గార్డు సాబ్ మంచిగ ఆగుతాండు సునీతా. నేను ఊపిరి తీసుకున్నంక గని కొడ్తలేడు."

మాట్లాడుతుండగానే ఆమె వెనక ఆ పాట వినబడుతోంది. నేను పంపిందే. మొదటి చరణం చివరికొచ్చింది. నాకు చేతకాని పనేమీ కాదు, ఒక్క క్షణం ఆగి వింటే తేలిపోయేది. నిజం తేల్చడానికి మేడలెక్కిన దాన్ని.

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఇప్పటికీ వదిన ఇంటికి వెళితే ఆ పాట పెట్టమని అడగను. ఆమే పెట్టబోతే ఏదో పని చెప్పి లేస్తాను. ఆ పాటలో డ్రమ్ము ఆగుతుందో లేదో నాకు తెలియదు.